మా మామయ్యకి 26 సెకన్లు కావాలి: నగరంలో రోడ్లు గీసేవారికి బహిరంగ లేఖ

హైదరాబాద్ రోడ్లకు, ఫ్లైఓవర్లకు, జంక్షన్లకు ప్లాన్లు గీసే ఇంజినీర్లకు, వాటిని ఆమోదించే అధికారులకు నమస్కారం.

నేను ఒక ప్రైవేటు స్కూల్లో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్తాను. మీలో చాలామందికి ఏదో ఒక ఊళ్లో నాలాంటి టీచరే త్రికోణమితి చెప్పి ఉంటారు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఏ పార్టీ మనిషినీ కాను, ఏ సంఘంలోనూ లేను.

మా ఇల్లు ఒక మెయిన్ రోడ్డుకి ఇవతల ఉంది. రైతు బజారు, శివాలయం, మా పాప ట్యూషన్, మామయ్య బీపీ మాత్రలు దొరికే మందుల షాపు, సికింద్రాబాద్ వెళ్లే బస్సుల స్టాపు అన్నీ అవతల. నడుమ ఆరు లైన్ల రోడ్డు, డివైడర్. మూడేళ్ల కిందటి దాకా మా వీధి మొదట్లో ఒక సిగ్నల్ ఉండేది. ఎర్ర లైటు పడగానే పూలబుట్ట నెత్తిన పెట్టుకున్న ముసలమ్మ ముందు దిగేది. ఆవిడ వెనకాల స్కూలు పిల్లలు, వాళ్ల వెనకాల మేము. జీబ్రా గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి, బండ్లు గీత దాటి ముందుకొచ్చే నిలబడేవి. అయినా ఆ నిమిషం మాత్రం రోడ్డు మాది.

ఒక ఆదివారం రాత్రి ఆ సిగ్నల్ తీసేశారు. డివైడర్‌లో ఉన్న సందుని సిమెంటు దిమ్మెలతో మూసేసి, తర్వాత దాని మీద ఇనుప గ్రిల్ బిగించారు. అటు 700 మీటర్ల దూరంలో ఒక యూటర్న్, ఇటు 800 మీటర్ల దూరంలో ఇంకొకటి. రోడ్డు ‘సిగ్నల్ ఫ్రీ’ అయింది. నిజం చెప్పాలి, బండి మీద వెళ్లేవాళ్లకి బాగుంది. ఆఫీసుకి పది నిమిషాలు ముందే చేరుతున్నానని మావారు సంబరపడ్డారు. నడిచి వెళ్లేవాళ్లం ఇక ఎక్కడ దాటాలన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. అడిగితే చూపించడానికి ఒక చోటంటూ లేదు కూడా.

మీ డ్రాయింగులో సిగ్నల్ అంటే బండ్లు ఆగిపోయే చోటు. నడిచేవాళ్లకి రోడ్డు దాటే చోటు అదొక్కటే. ‘సిగ్నల్ ఫ్రీ’ అని పేరు పెట్టిన ప్రతి రోడ్డు మీదా ఎన్ని సిగ్నళ్లు తీశారో అన్ని దారులు మూసుకుపోయాయి. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా దీన్ని పట్టుకుని వచ్చిందే.

మా మామయ్య ముప్ఫై రెండేళ్లు ఆర్టీసీలో సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. ఇప్పుడు ఆయనకి 71. పోయిన కార్తీక మాసంలో ఒక సోమవారం పొద్దున్న, గుడికెళ్లి వస్తూ తోటకూర తెస్తానని గుడ్డసంచి పట్టుకుని బయల్దేరారు. డివైడర్ గ్రిల్‌లో ఒకచోట రెండు ఊచలు వంచేసి ఉంటాయి. ఎవరు వంచారో తెలియదు. కాలనీ అంతా అందులోంచే దూరి వెళ్తుంది. మామయ్య కూడా అలాగే వెళ్లారు. డివైడర్ దాటాక బండ్లు ఎడమ వైపు నుంచి రావాలి కాబట్టి ఎడమకే చూసుకుంటూ మూడు లైన్లూ దాటేశారు. అవతలి ఫుట్‌పాత్ దగ్గరికి చేరారు. అది ఎత్తుగా ఉంటుంది. పక్కనున్న కరెంటు స్తంభం పట్టుకుని ఒక కాలు పైకి పెట్టబోతుండగా కుడి వైపున్న సందు వీధిలోంచి బయటికొచ్చి, రాంగ్ రూట్లో వచ్చిన బైకు తగిలింది.

నడుపుతున్నవాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. వీపున డెలివరీ బ్యాగు. పారిపోలేదు. తనే ఆటో పిలిచి, మామయ్యని ఎక్కించి, మా ఇంటికి ఫోన్ చేసి, ఆస్పత్రిలో మేము వచ్చేదాకా గోడకి ఆనుకుని ఏడుస్తూ నిలబడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు.

కేసు పెడదామని నేను. వద్దని ఆయన. నొప్పితో నుదుటి మీద చెమటలు పడుతున్నా ఆయన నాతో అన్న మాట ఇది: “వాడు ఆ సందులోంచి బయటికొచ్చి కుడికి పోవాలమ్మా. ధర్మంగా పోవాలంటే ఎడమకి యూటర్న్ దాకా పోయి, మళ్లీ ఇంతదాకా రావాలి. కిలోమీటరున్నర. వాడికిచ్చిన టైమే పది నిమిషాలు. ఏం చేస్తాడు?”

ఆ రోజు నాకు ఆ మాట నచ్చలేదు. రాంగ్ రూట్లో రావడం తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ ఇంటికొచ్చాక లెక్క వేసి చూశాను. సందు నుంచి ఆ యూటర్న్ దాకా 700 మీటర్లు, తిరిగి ఇంకో 700. దానికి బదులు రోడ్డు వారగా ఎదురొస్తే 150 మీటర్లలో పని అయిపోతుంది. రోజుకి ముప్ఫై ఆర్డర్లు మోసేవాడి ముందు అంత తేడా పెట్టి, ఒక బోర్డు కట్టి, అప్పుడప్పుడూ చలానా రాస్తే వాడు ఆగుతాడా? ఆ సందులోంచి బయటికొచ్చే ప్రతి బైకూ, ఆటో, ట్రాలీ అలాగే వస్తున్నాయి. యూటర్న్‌లు పెట్టకముందు మా రోడ్డు మీద రాంగ్ రూట్ ఇంతగా లేదు. రోడ్డే వాళ్లని అటు తోస్తోంది.

వారం తర్వాత స్కూల్లో జామెట్రీ క్లాసుకి వాడే టేపు తీసుకెళ్లి ఆ ఫుట్‌పాత్ ఎత్తు కొలిచాను. 38 సెంటీమీటర్లు. అంటే ఇంటి మెట్టు రెండింతలకు పైన. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల సౌకర్యాల కోసం 2012లో ఇచ్చిన మార్గదర్శకాలు, ఐఆర్‌సీ 103, ఫుట్‌పాత్ అంచు 15 సెంటీమీటర్లకు మించకూడదంటున్నాయి. ఇళ్లున్న వీధుల్లో నడవడానికి కనీసం 1.8 మీటర్లు, షాపులున్న చోట 2.5 మీటర్లు అడ్డం లేకుండా వదలమంటున్నాయి. మా దగ్గర ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన కొట్టేసిన చెట్టు మొద్దు, ఆ పక్కన బట్టల షాపు వాళ్ల జెనరేటరు పోగా మిగిలింది 60 సెంటీమీటర్లు. బ్యాగు వేసుకున్న పిల్ల పక్కకి తిరిగితే తప్ప పట్టదు. ఈ కొలతలు నాకంటే మీకే బాగా తెలుసు. మీరు చదివిన పుస్తకంలోవే ఇవి.

ఇప్పుడు మామయ్య వాకర్‌తో నడుస్తున్నారు, ఇంట్లోనే. అంతకుముందు రోజూ సాయంత్రం అవతలి వైపు ఇరానీ హోటల్లో పాత డ్రైవర్లు ముగ్గురు, కండక్టర్లు ఇద్దరు చేరేవారు. ఒక్కో చాయ్‌కి గంట కూర్చునేవారు. ఇప్పుడు అదే హోటల్లో కూర్చున్న స్నేహితుడితో బాల్కనీలోంచి వీడియో కాల్ మాట్లాడుతున్నారు. ఇద్దరి మధ్యా ఉన్న దూరం 500 మీటర్లు. మా కాలనీలో ఆయనలా కాలు బయట పెట్టడం మానేసిన పెద్దవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టబోతే నాకు చేతివేళ్లు చాలలేదు. వాళ్లలో అందరికీ ప్రమాదాలు జరగలేదు. ఒకరికి జరిగింది విని మిగతావాళ్లు భయపడ్డారు, అంతే. ప్రమాదాల రికార్డులో ఈ భయానికి ఒక గడి ఉండదు. ఎవరూ దాటని రోడ్డు మీద ఎవరూ చావరు. మీ లెక్కలో అది సురక్షితమైన రోడ్డు అవుతుంది.

పాప సంగతి చెప్తాను. ఎనిమిదో తరగతి. ట్యూషన్ మా గేటు నుంచి తిన్నగా నడిస్తే 400 మీటర్లు. ఒంటరిగా పంపే ధైర్యం నాకు లేదు. స్కూటీ మీద దింపుతాను, యూటర్న్ తిరిగి వెళ్లడం, యూటర్న్ తిరిగి రావడం. వానాకాలం తడవకూడదని పోయిన ఏడాది ఈఎంఐలో చిన్న కారు కూడా తీసుకున్నాం. మా అపార్ట్‌మెంటులో పదకొండు మంది పిల్లలుంటే పదకొండు మందినీ ఎవరో ఒకరు బండి మీదే దింపుతున్నారు. సాయంత్రం మూడున్నరకి మా స్కూలు గేటు ముందు కార్లు రెండు వరసల్లో ఆగి ఉంటాయి. వాటి మధ్యలోంచి, డ్రైవర్ల కళ్లకి కనపడనంత చిన్న పిల్లలు దూరి వస్తుంటారు. చూస్తుంటేనే టెన్షన్. ఆ కార్లలో నాదీ ఒకటి. బండ్లకి భయపడి బండి కొన్నాను. నా బండిని చూసి ఇంకొకరు భయపడుతున్నారు. ఈ చక్రం ఇలా తిరుగుతుంటే ఎంత వెడల్పు చేసినా రోడ్డు చాలుతుందా?

పిల్లలకి సైకిళ్లు లేక కాదు. సెల్లార్‌లో వరసగా ఉన్నాయి, టైర్లలో గాలి లేకుండా. 2023 అక్టోబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. బాగుంది, నేను చూశాను. దాని మీద తొక్కాలంటే ముందు సైకిల్‌ని కారు వెనక కట్టుకుని అక్కడిదాకా వెళ్లాలి.

మా అక్క డాలస్‌లో ఉంటుంది. మీలో చాలామంది పిల్లలు కూడా అక్కడో, హ్యూస్టన్‌లోనో, ఆ దరిదాపుల్లోనో ఉండి ఉంటారు. మీరూ వెళ్లి నాలుగైదు నెలలు ఉండి వచ్చే ఉంటారు. అమ్మ వెళ్లి ఆర్నెల్లు ఉంది. పాలకి కారు, కొత్తిమీర కట్టకి కారు, గుడికి కారు. అమ్మకి డ్రైవింగ్ రాదు. పొద్దున్న తొమ్మిదికి ఇల్లంతా ఖాళీ అయితే సాయంత్రం ఆరుకి బావ కారు గేరేజీలోకి వచ్చిన చప్పుడు వినేదాకా కిటికీ దగ్గరే కూర్చునేది. “రోడ్లన్నీ అద్దాల్లా ఉన్నాయే, వాటి మీద మనిషన్నవాడు మాత్రం కనపడడు” అని ఫోన్లో చెప్పేది. ఇక్కడ రోజుకి నాలుగుసార్లు గుమ్మం దిగి, తోపుడు బండివాడితో రూపాయికి బేరమాడి వచ్చే మనిషి ఆవిడ. తిరిగొచ్చాక, ఆ ఊళ్లో తనకి జబ్బేమీ లేకపోయినా మంచాన పడ్డట్టే ఉండేదంది. ఇప్పుడు బాల్కనీలో మామయ్యని చూస్తే నాకు ఆ కిటికీ గుర్తొస్తోంది. అమెరికాకి విశాలమైన ఖాళీ నేల ఉంది, డబ్బుంది. అయినా 2022లో అక్కడ 7,500 మందికి పైగా పాదచారులు చనిపోయారు. నలభై ఏళ్లలో అంత ఎక్కువ ఎప్పుడూ లేదు. హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవేని 2008 నాటికి కొన్నిచోట్ల 26 లైన్ల దాకా పెంచారు. కొన్నేళ్లకే రద్దీ వేళల్లో ప్రయాణం వెడల్పు చేసిన కొత్తలో కంటే ఎక్కువసేపు పట్టడం మొదలైంది. వాళ్లు ఇంత ఖర్చు పెట్టి నేర్చుకున్నది మనం ఊరికే నేర్చుకోవచ్చు. మనమేమో వాళ్లు పడ్డ గోతిలోకే నిచ్చెన వేసుకుని దిగుతున్నాం.

మన దేశం లెక్క తీసుకోండి. కేంద్ర రవాణా శాఖ ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో నడుస్తున్నవాళ్లు 32,825 మంది. టూవీలర్ల మీద ఉన్నవాళ్లు 44.5 శాతం. అంటే చనిపోయిన ప్రతి వంద మందిలో కనీసం 64 మంది కారు లోపల లేనివాళ్లే. కారు సాఫీగా సాగడానికి మనం రోడ్డు కడుతున్నాం, కారు లేనివాళ్లు దాని ఖరీదు చెల్లిస్తున్నారు.

బయోడైవర్సిటీ జంక్షన్ ఫ్లైఓవర్ మీకు గుర్తుండే ఉంటుంది. 2019 నవంబర్ 4న తెరిచారు. 23న దాని మీది నుంచి ఒక కారు పిట్టగోడ దాటి కింద రోడ్డు మీద పడింది. కింద నిలబడి ఉన్న ఒకావిడ ప్రాణం పోయింది. కారు పరిమితికి రెట్టింపు దాటిన వేగంతో వచ్చింది. నడిపినవాడిదే తప్పని అందరం అన్నాం, నేనూ అన్నాను. కొన్నాళ్లు మూసి, వేగం తగ్గించే ఏర్పాట్లు చేసి 2020 జనవరిలో మళ్లీ తెరిచారు. కింద నిలబడ్డావిడ చేసిన తప్పేమిటి? బండి కోసం రోడ్డు పక్కన నిలబడటం. ఖాళీగా, నున్నగా, అడ్డం లేకుండా ఉన్న రోడ్డు మీద మనిషి కాలు యాక్సిలేటర్‌ని తొక్కుతుంది. బోర్డు మీద 40 అని రాసి ఉన్నా రోడ్డు చూస్తే 80లో పొమ్మన్నట్టే ఉంటుంది. బండి వేగం గంటకి 50 నుంచి 65 కిలోమీటర్లకి పెరిగితే, దాని కింద పడ్డ మనిషి చనిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. పదిహేను కిలోమీటర్ల తేడాకి నాలుగున్నర రెట్లు.

ఇక్కడ లెక్కల టీచర్‌గా ఒక మాట. ఏ రోడ్డుకి ఫ్లైఓవర్ కావాలో తేల్చడానికి మీరు పీసీయూ అనే కొలత వాడతారు, ప్యాసింజర్ కార్ యూనిట్. కారుకి ఒకటి. టూవీలర్‌కి ఒకటిలో సగమో, ముప్పావో. బస్సు సుమారు రెండు నుంచి నాలుగు కార్ల కింద లెక్క. నడిచే మనిషికి ఆ పట్టికలో అంకే లేదు. బస్సులో అరవై మంది నిలబడి, వేలాడి వస్తున్నా అది మూడు కార్ల రద్దీ. మూడు కార్లలో కలిపి అయిదుగురుంటే అదీ అంతే రద్దీ. నా విద్యార్థి ఎవరైనా అరవైనీ అయిదునీ ఇలా సమానం చేస్తే మార్కులు వేయను. రోడ్డు మీద ఎంత చోటు పడుతుందో తేల్చడానికి ఆ కొలత పనికొస్తుంది, కాదనను. కానీ ఎవరికి చోటివ్వాలో తేల్చడానికి కూడా అదే వాడుతున్నాం. మా రోడ్డు దాటే పూలమ్మి, కూలీలు, పాచిపనికి వచ్చే ఆడవాళ్లు, పిల్లలు, మామయ్య అందరినీ కూడితే సున్నా. 2006లోనే కేంద్రం తెచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం, చూసుకోవాల్సింది బండ్ల కదలికని కాదు, మనుషుల కదలికని అని రాసింది. దాదాపు ఇరవై ఏళ్లయింది.

ఫుట్ ఓవర్ బ్రిడ్జి కడతాం కదా అంటారు. బండ్లు కిందినుంచి పోవడానికి 5.5 మీటర్ల ఎత్తు కావాలి. మెట్టుకి 15 సెంటీమీటర్లు వేసుకుంటే 37 మెట్లు ఎక్కాలి, 37 దిగాలి. బండిలో కూర్చున్నవాడు కాలు ఒక అంగుళం కదపడానికి ఇష్టపడట్లేదని, తుంటిలో ప్లేటున్న మనిషిని 74 మెట్లు తొక్కమంటున్నాం. లిఫ్టు పెడితే అది పనిచేసినన్నాళ్లే. ఉప్పల్ రింగ్ దగ్గర 2023లో కట్టిన స్కైవాక్ మంచిదే. అంత పెద్ద జంక్షన్‌లో అన్ని రోడ్లనీ మెట్రోకి కలిపింది. మెట్రో ఉన్న రోడ్ల మీద స్టేషన్ మెట్లెక్కి, టికెట్ లేకుండానే అవతల దిగొచ్చు, అదీ మేలే. కానీ స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య కిలోమీటరు పైనే. కొత్తిమీర కోసం ఎవరూ అంత దూరం తిరగరు. గ్రిల్ ఊచలు వంచుతారు.

బస్టాపుల గురించి మామయ్య ఎప్పుడూ చెప్పేది ఒకటుంది. డ్రైవర్ బస్సుని ఎడమకి తీసి స్టాపులో ఆపాలనే అనుకుంటాడు. అక్కడ కార్లు పార్క్ చేసి ఉంటాయి, వాటి ముందు షేర్ ఆటోలు. దాంతో నడిరోడ్డు మీదే ఆపుతాడు. జనం స్టాపులోంచి పరుగెత్తి రెండో లైన్లోకి వస్తారు. ఎడమ నుంచి దూసుకొచ్చే బైకుని డ్రైవర్ అద్దంలో చూస్తూ ‘ఆగమ్మా, ఆగమ్మా’ అని అరుస్తూనే ఉంటాడు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి బస్సు ప్రయాణం ఉచితం. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇచ్చారు. నేనూ ఎక్కుతున్నాను, మా స్కూలు ఆయాకి నెలకి వెయ్యి రూపాయల దాకా మిగులుతోంది. బస్సు దాకా ఆవిడ ప్రాణాలతో వెళ్లే ఏర్పాటు మాత్రం టికెట్‌తో పాటు రాలేదు.

చేయలేరని నేననుకోను. చార్మినార్ చుట్టూ బండ్లు తీసేసి రాళ్లు పరిచారు. ఏళ్లకేళ్లు సాగింది, అయినా చేశారు. ఇప్పుడక్కడ నిలబడి తలెత్తి మినార్లని చూడొచ్చు, ఎవరూ హారన్ కొట్టరు. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద బండ్లు ఆపేసినప్పుడు మేమందరం వెళ్లాం. పాప రోడ్డు మధ్యలో పరుగెత్తింది. నగరంలో పుట్టిన పిల్ల, తొమ్మిదేళ్లకి మొదటిసారి రోడ్డు మీద పరుగెత్తడం. చెన్నైలో పాండీ బజార్‌ని 2019లో తిరగేసి వెడల్పాటి ఫుట్‌పాత్‌లు వేశారు. బట్టల షాపింగుకి వెళ్లిన మనవాళ్లెవరిని అడిగినా చెప్తారు, బెంచీ మీద కూర్చుని బండ్ల పొగ లేకుండా జ్యూస్ తాగి వచ్చామని. ఫిన్లండ్ రాజధాని హెల్సింకిలో 2025 జూలై నాటికి ఏడాది పాటు రోడ్డు మీద ఒక్క ప్రాణం కూడా పోలేదు. దాదాపు ఏడు లక్షల జనాభా ఉన్న ఊరు అది. అక్కడ సగానికి పైగా వీధుల్లో గంటకి 30 కిలోమీటర్లు దాటకూడదు, దాటడానికి వీల్లేకుండా వీధులే సన్నగా గీశారు.

చట్టం కూడా మీ వెనకే ఉంది, లేదా మీ మీదే ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 198ఎ సెక్షన్ ప్రకారం, రోడ్డు డిజైన్‌లో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించనందువల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. అలాంటి సెక్షన్ ఒకటుందని మామయ్యకి దెబ్బ తగిలాకే నాకు తెలిసింది. 2025 మే 14న సుప్రీంకోర్టు, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పి, మార్గదర్శకాలు తయారు చేయమని రాష్ట్రాలకి గడువు పెట్టింది. మా పదో తరగతి పిల్లలకి 21వ అధికరణ సోషల్ మేడమ్ చెప్తారు. అది ఫుట్‌పాత్ ఎత్తుతో మొదలవుతుందని నేను ఈసారి చెప్పమన్నాను.

మీరు ఏం చేయాలో చెప్పేంత చదువు నాకు లేదు, ఏం కావాలో చెప్పగలను. యూటర్న్‌లు తీసేయమనట్లేదు. మా పాత సిగ్నల్ ఉన్న చోట డివైడర్‌ని మనుషులు పట్టేంత, వాకర్, వీల్‌చైర్ పట్టేంత తెరవండి. అక్కడ రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకి కొంచెం లేపండి, ఎంత తొందరలో ఉన్న బండైనా దానంతటదే నెమ్మదిస్తుంది. నొక్కితే ఎర్ర లైటు పడే బటన్ సిగ్నల్ పెట్టండి. ఆ సందులోంచి వచ్చే బైకులు కుడికి తిరగడానికి ఒక దారి చూడండి, మా మామయ్య కోసమే కాదు, ఆ అబ్బాయి కోసం కూడా. బస్టాపు ముందు ఇరవై మీటర్లలో ఏ కారూ నిలబడకుండా చూడండి. స్కూళ్ల ముందు 30 దాటలేనట్టు రోడ్డు గీయండి, బోర్డుతో సరిపెట్టకండి. వచ్చే ఫ్లైఓవర్ ప్రాజెక్ట్ రిపోర్టులో పీసీయూల పక్కన ఇంకో గడి గీసి, ఈ చోట రోజుకి ఎంతమంది మనుషులు రోడ్డు దాటుతున్నారు, ఇది కట్టాక వాళ్లు ఎక్కడ దాటుతారు అని రాయండి. ఆ గడి ఖాళీగా ఉంటే ఫైలు మీద సంతకం పెట్టకండి. ఒక్క ఫ్లైఓవర్‌కి వందల కోట్లు పెడుతున్నాం. ఇందిరా పార్క్ నుంచి వీఎస్‌టీ దాకా వేసిన స్టీల్ బ్రిడ్జికి 450 కోట్లయింది. అందులో ఏ కొంచెం పెట్టినా నగరంలో ఇలాంటి దారులు ఎన్ని తెరవచ్చో నాకంటే మీరే త్వరగా లెక్క కడతారు.

ఆఖరి లెక్క. మా వరండా పది మీటర్లు. ఫిజియోథెరపీ డాక్టర్ చెప్పారని మామయ్య రోజూ పొద్దున్నా సాయంత్రం అందులో నడుస్తున్నారు. స్టాప్‌వాచ్ నేను పడతాను. పది మీటర్లకి 25 సెకన్లు పట్టింది. రోడ్డుకి ఒక సగం మూడు లైన్లు, లైనుకి మూడున్నర మీటర్లు, మొత్తం పదిన్నర. అంటే సగం రోడ్డు దాటడానికి ఆయనకి 26 సెకన్లు కావాలి. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ 26 సెకన్లలో 430 మీటర్లు వస్తుంది. ఆయన అడుగు కింద పెట్టేటప్పటికి చూపు ఆననంత దూరంలో ఉన్న బండి, ఆయన డివైడర్ చేరేలోపు మీదికి వచ్చేస్తుంది. సిగ్నల్ లేని రోడ్డుని ఆయన ఎంత జాగ్రత్తగా చూసుకున్నా దాటలేరు. జాగ్రత్త ఆయన చేతిలో లేదు, మీ చేతిలో ఉంది.

26 సెకన్లు ఇవ్వండి. డివైడర్ దగ్గర నిలబడి ఊపిరి పీల్చుకోవడానికి కొంచెం చోటు, తర్వాత ఇంకో 26. మీలో ఎవరైనా వచ్చి చూస్తానంటే, సాయంత్రం అయిదింటికి వీధి మొదట్లో నేను ఉంటాను, టేపు తెస్తాను.

నిన్న సాయంత్రం వరండా చివరికి చేరి ఎంతయిందని అడిగారు మామయ్య. 24 అన్నాను. “వాళ్లు లైటు పెట్టేలోపు ఇంకో రెండు తగ్గిస్తానమ్మా” అని వాకర్ వెనక్కి తిప్పారు.

ఇట్లు,
మీ నగరంలో నడిచే ఒక లెక్కల టీచర్
హైదరాబాద్